పిడుగు డాక్టరు గారి కొత్త అరుపులు

పిడుగు డాక్టరు గారు ఎవరి పన్నైనా పీకుతారు గానీ, బ్లాక్ మెటల్ పాట పెట్టకుండా మాత్రం పీకరు. అదీ పాతది పనికిరాదు. ఈమధ్యే విడుదలై ఉండాలి. అలాంటి బ్యాండు ఒకటుందన్న సంగతి అందులో వాయించేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలిసుండకూడదు.

బ్లాక్ మెటల్ అంటే ఏమిటని అడిగినవాళ్ళకి, ఆస్పత్రి కౌంటర్లో కూర్చునే అక్కయ్య ఇలా చెప్పేది: "రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడుతుంటాయి. కింద ఎవడో కాలిమీద గ్యాస్ సిలిండర్ పడేసుకుని అరుస్తుంటాడు. దాన్నే పాటంటారు మా డాక్టరు గారు."

డాక్టరు గారు నొచ్చుకునేవారు. "అలా తీసిపారెయ్యకమ్మా! ఇది మామూలుది కాదు, అట్మాస్ఫెరిక్. మధ్యమధ్య గాలి వీస్తుంది, వాన పడుతుంది. కళ్ళు మూసుకుంటే అడివి కనిపిస్తుంది."

"నాకు కళ్ళు తెరిస్తే పారిపోతున్న పేషెంట్లు కనిపిస్తున్నారండీ."

నిజం చెప్పాలంటే ఎవరూ పారిపోయేవారు కాదు. అదే అక్కయ్యకి అంతుబట్టేది కాదు. చెవులు మూసుకుని, సణుక్కుంటూ లోపలికి వెళ్ళినవాళ్ళు, బుగ్గలో దూది పెట్టుకుని, నెత్తిమీద బరువేదో దించుకున్నట్టు బయటికొచ్చేవారు. పైగా బావమరుదుల్నీ తోటికోడళ్ళనీ వెంటబెట్టుకొచ్చేవారు.

కొత్త ఆల్బమ్ దొరికిన రోజు డాక్టరు గారిని పట్టడం కష్టం. మెట్లమీంచే కేకేసేవారు.

"అమ్మాయ్, పంట పండింది! ఒక్కడే మనిషి. గిటారూ డ్రమ్ములూ అన్నీ తనే వాయించి, స్నానాలగదిలో రికార్డు చేశాడు!"

"స్నానం చేస్తూనా?"

"ఛ! అరుపు గోడలకి తగిలి గుండ్రంగా తిరగాలని."

"వేణ్ణీళ్ళు మీద పడ్డట్టున్నాయి పాపం."

ఆయన వినిపించుకుంటేగా! మధ్యాహ్నం భోజనాల వేళ చెవుల్లో ఆ పాటే. చెంచా గాల్లో, కళ్ళు మూత, మెడ ఊపు. అక్కయ్య క్యారియర్ గిన్నె ఆ చెంచా కిందికి జరిపితే తప్ప ముద్ద నోట్లోకి పోయేది కాదు.

ఒకసారి వ్యాయామశాల మాస్టారు వచ్చాడు. గుమ్మంలో నిలబడితే గదిలోకి వెలుతురు రాని మనిషి. వెంట శిష్యగణం. లోపలికెళ్ళాక పాట మొదలైంది. "ఆగండాగండి, ఇంకా గాలే వీస్తోంది," అని డాక్టరు గారి గొంతు వినపడింది. తర్వాత డ్రమ్ములు విరుచుకుపడ్డాయి. ఆ వెనకే గోడలు అదిరేలా అరుపు. కాసేపటికి మాస్టారు నవ్వుతూ బయటికొచ్చాడు.

"చూశారా అక్కయ్యా, మా గురువుగారు ఉలకలేదు, పలకలేదు!" అని శిష్యులు ఛాతీలు విరుచుకున్నారు.

అందరికీ ధైర్యం చెప్పే ఈ అక్కయ్యకే జ్ఞానదంతం తిరగబడింది. ఎవరికీ చెప్పలేదు. ఓ పక్కనే నములుతూ, పమిట బుగ్గకి అడ్డం పెట్టుకుంటూ నెట్టుకొచ్చింది. డాక్టరు గారి కంట పడనే పడింది.

"బుగ్గలో ఏం దాచావమ్మా?"

"బిళ్ళండీ, చప్పరిస్తున్నా."

"బిళ్ళకి జ్వరమొస్తుందా? మొహం కాలిపోతోంది. ఇంకా నాన్చితే చీము దవడలోకి దిగుతుంది. హాస్యం కాదు."

మాత్రలిచ్చి, వాపు దిగాక కుర్చీ ఎక్కమన్నారు. తీరా ఆ రోజొచ్చేసరికి అక్కయ్య కుర్చీ చెయ్యి పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"డాక్టరు గారూ, నాకు ఈ కుర్చీ అంటే చచ్చే భయం. బయట గదినిండా జనం. ఏం కాదు కూర్చోండని రోజూ వాళ్ళని గదమాయించేదాన్ని, ఇవాళ నేనే కేకలు పెడితే రేపట్నుంచి నా మాట ఎవరు వింటారు?"

ఆయన గొంతు తగ్గించారు. "పిచ్చిదానా, నా పాటలు అందుకేగా! మత్తిస్తే నొప్పి పోతుంది. భయానికి నా దగ్గర ఇంజెక్షన్ లేదు. గట్టిగా అరిస్తే సగం దిగుతుంది. కానీ పరువు అడ్డమొచ్చి ఎవరూ అరవరు, కొయ్యల్లా బిగుసుకుపోతారు. ఈ పాటలో ఎవరు అరిచినా బయట తేడా తెలీదు."

"దానికి వారం వారం కొత్తవెందుకండీ?"

"పాతదైతే, వినీ వినీ ఏ అరుపు పాటగాడిదో, ఏది పేషెంటుదో జనం పట్టేస్తారు. ఎవరూ వినని బ్యాండైతే ఆ బెడద లేదు. ఎక్కడ అరుపొస్తుందో నేను ముందే విని పెట్టుకుంటా."

అక్కయ్య నోరు తెరిచింది, పంటి సంగతే మర్చిపోయి. "అయితే ఆ వ్యాయామశాల మాస్టారు..."

"ఎవరి అరుపూ నేను బయటపెట్టను."

"అంటే మీకీ పాటలు ఇష్టం లేదన్నమాట!"

"ఎవరన్నారు? ప్రాణం!" అన్నారు డాక్టరు గారు మండిపడి. "కూర్చో. ఇది సముద్రం ఒడ్డున ఎవరో కుర్రాళ్ళు చేసింది. ముందు అలలు. అవి ఆగగానే డ్రమ్ములు. అప్పుడు కడుపారా అరిచెయ్."

మత్తు ఎక్కింది. అలలు వచ్చాయి. ఇన్నాళ్ళూ తిట్టిన పాటలో ఇంత చల్లదనం ఉందా అనుకుంది అక్కయ్య. అలలు ఆగాయి. డ్రమ్ములు విరుచుకుపడ్డాయి. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని అందుకుంది. పన్ను కోసం మొదలుపెట్టి, ఇంటి ఓనరు కోసం, ఆడపడుచు దెప్పుళ్ళ కోసం, ఎప్పుడెప్పుడో మింగిన మాటల కోసం అరిచింది. అరుస్తున్నకొద్దీ ఒళ్ళు దూదిపింజయింది.

ఊపిరి తీసుకోడానికి ఆగి చూస్తే, డాక్టరు గారు తీరిగ్గా చేతులు కడుక్కుంటున్నారు.

"ఎప్పుడు పీకుతారు?" అంది ముద్దముద్దగా.

"ఎప్పుడో పీకేశా. నువ్వు కానివ్వమ్మా, పాట ఇంకా ఉంది."

దూది కరిచిపట్టుకుని తలుపు ఓరగా తీసింది. గదిలో అందరూ ఎక్కడివాళ్ళక్కడే కూర్చుని ఉన్నారు. ఆవిడని ఎవరూ వింతగా చూడలేదు. అమ్మయ్య అనుకుంటుండగా, మూల కూర్చున్న టైలరు తాతగారు కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"అమ్మాయ్, ఈ బ్యాండులో ఆడమనిషి ఎవరో గానీ, ఏం గొంతమ్మా అది! రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఇంకేమైనా పాడిందా?"

అక్కయ్య బుగ్గలో దూది సర్దుకుంది. లోపల్నుంచి డాక్టరు గారే అందుకున్నారు.

"లేదండీ తాతగారూ. ఆవిడకిదే మొదటి విడుదల!"