నేను మింగేసిన ప్రశ్న

లిలువా టైలరమ్మ పోయింది. కిందటి నెల ఒక మంగళవారం పొద్దున, ఎవరిదో పెళ్ళి జాకెట్టుకి చేతులు అతుకుతూ మిషన్ మీదికి ఒరిగిపోయింది. మధ్యాహ్నానికి ఆసుపత్రిలో ప్రాణం విడిచింది. మన తెలుగు సంఘం పత్రిక చదివే ఆడవాళ్ళలో సగం మంది ఆమె కుట్టిన జాకెట్లు తొడుక్కున్నవాళ్ళే కాబట్టి వార్త ఇప్పటికే మీకు చేరి ఉంటుంది.

సంఘం హాల్లో సంతాపసభ పెట్టారు. నలుగురు మాట్లాడారు, నలుగురూ మగవాళ్ళే, ఒక్కరూ ఆమె చేత ఏమీ కుట్టించుకున్నవాళ్ళు కారు. "గుండె ఆగి, బాధ తెలియకుండా వెళ్ళిపోయిన పుణ్యాత్మురాలు" అన్నారు. గుండె ఆగడం నిజమే, ఎవరికైనా చివరికి ఆగేది అదే. బాధ తెలియకపోవడం మాత్రం అబద్ధం. గుండెలోంచి బయలుదేరే పెద్ద రక్తనాళం, బృహద్ధమని, దాని లోపలి పొర చిరిగింది. రెండు భుజాల మధ్య ఎవరో గుడ్డ పట్టుకుని చింపుతున్నట్టుందని కూతురితో అంది. గుడ్డ చిరగడం అంటే ఏమిటో ఆమెకంటే ఎవరికి తెలుసు?

సభలో నన్నూ మాట్లాడమన్నారు. గొంతు బాగాలేదన్నాను. అదీ అబద్ధమే. ఆ రోజు చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

ఆమెది శ్రీకాకుళం వైపు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసే భర్త వెంట హౌరా పక్కనున్న లిలువాకి వచ్చి, ఆయన పోయాక కూడా అక్కడే ఉండిపోయింది. ఒక కూతురు, ఒక కుట్టుమిషన్, గోడకి నిలువుటద్దం. మనిషి చాలా పొట్టి. నా భుజం దాకా కూడా వచ్చేది కాదు, నేనేమీ తాటిచెట్టును కాను. క్వార్టర్సులో ఉండే పొడుగాటి పంజాబీ ఆడవాళ్ళకి కొలతలు తీయాలంటే పీట వేసుకుని ఎక్కేది.

కొలతకని ఆది జాకెట్టు తీసుకెళ్తే ముట్టుకునేది కాదు. ఎంత పాత ఖాతాదారైనా సరే, ప్రతిసారీ టేపు మెళ్ళోంచి తీయాల్సిందే. ఒకసారి నాకు విసుగొచ్చింది.

"ఇరవై ఏళ్ళుగా నీ దగ్గరే కుట్టించుకుంటున్నాను. నా కొలతలు నీకు కంఠతా రావుటే?"

"వొచ్చు టీచరమ్మా. ఆ కొలతల మనిసే రావడం మానీసింది. ఆది పాతది, మనిసి కొత్తది. సేతులెత్తండి."

ఎత్తాను. ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లల కాలేజీలో ఇంగ్లీషు చెప్పి, నోరెత్తితే తరగతి గది గప్‌చిప్ అయ్యే మనిషిని, ఆమె ముందు మాత్రం చేతులెత్తి నిలబడేదాన్ని. మా మనవరాలు ఫోన్లో తెప్పించుకున్న రెడీమేడ్ జాకెట్టు సరిచేయించడానికి పట్టుకెళ్తే తిరగేసి కుట్లు చూసింది. లోపల 'ఫ్రీ సైజు' అని చీటీ. "ఫ్రీ సైజంటే ఏటో తెలుసా అమ్మా? ఎవులికీ కాని సైజు" అని పిల్ల చేతిలో పెట్టేసింది.

మావారు పోయినప్పుడు పరామర్శకి వచ్చినవాళ్ళంతా నన్ను కూర్చోబెట్టి ఏడిపించి వెళ్ళారు. ఆమె పదిహేనో రోజున వచ్చింది. సంచిలో రెండు జాకెట్లు, ఒకటి చిలకాకుపచ్చ, ఒకటి వంగపండు రంగు. నేను అడగలేదు, గుడ్డ ఇవ్వలేదు. "ఈ రంగులు ఇప్పుడు నాకెందుకు?" అన్నాను. "తొడుక్కోండి. అయ్యగోరు ఏటీ అనరు. అనీవోళ్ళుంటే నా దగ్గిరికి పంపండి, ఆళ్ళ నోటికి కొలత తీసీ ఓ సంచీ కుడతాను" అంది. ఆ నెలలో నేను నవ్వింది అదొక్కసారే. ఆ రెండు జాకెట్లే తొడుక్కుని గడప దాటాను.

ఇక అసలు సంగతి. రెండేళ్ళ కిందట ఆమెకి కంట్లో శుక్లం తీయాల్సి వచ్చింది. ముందుగా గుండె పరీక్ష చేస్తే బృహద్ధమని ఉబ్బి ఉందని తేలింది. పెద్దాసుపత్రికి వెళ్ళి గుండె ఆపరేషన్లు చేసే డాక్టరుకి చూపించమన్నారు. మన లిలువా, షాలిమార్ తెలుగువాళ్ళకి ఒక అలవాటుంది, మీకు తెలియనిది కాదు. కాగితం ఇంగ్లీషులో ఉన్నా, ఎదుట కూర్చున్నవాడు ఇంగ్లీషులో మాట్లాడినా, చదువుకున్నవాళ్ళని ఒకరిని వెంట తీసుకెళ్తారు. టైలరమ్మకి బజారు బెంగాలీ గడగడా వచ్చు, బేరంలో చేపలమ్మేవాడిని ఏడిపించగలదు. అయినా డాక్టరు గదిలోకి మాత్రం తన నోరు బయట విడిచి, నా నోరు తెచ్చుకుంది.

డాక్టరు మర్యాదస్తుడే. 'మాషీమా', అంటే పిన్నిగారూ, అని పిలిచి, కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. నేను తెలుగులో చెబుతూ పోయాను: ఈ గొట్టానికి మూడు పొరలు, సాగి పలచబడింది, బాగా సాగితే లోపలి పొర చిరిగే ప్రమాదం ఉంది.

"లైనింగు ఊడిపోద్దన్నమాట" అంది.

మరీ పెరిగితే ఆ ముక్క కత్తిరించి, దాని స్థానంలో గుడ్డతో నేసిన గొట్టం పెట్టి కుడతారని చెప్పాను. ఆమె కుర్చీ ముందుకి జరుపుకుంది.

"ఏ గుడ్డ?"

అడిగాను. పాలిస్టరన్నాడు.

"పాలిస్టరా! ఇన్నాళ్ళూ ఒంటికి తగలనీలేదు, ఇప్పుడు గుండెకి తొడుగుతాడా? కాటను దొరకదేటి? మరి కుట్టేది మిషన్‌తోనా, సేత్తోనా?"

ఇదీ అడిగాను. చేత్తోనే అన్నాడు. "అయితే పనోడే" అంది. నేను ఇంగ్లీషులో దీనికి ఇంకాస్త ఉప్పూకారం జోడించి చెప్పాను. డాక్టరు పగలబడి నవ్వాడు. మీ భాష చాలా బాగుంది మేడమ్ అని నన్ను మెచ్చుకున్నాడు. ఈ వయసులో కూడా ఆ మెప్పుకి నా వెన్ను నిటారైంది.

ఆ తర్వాత అన్నాడు, ఆపరేషన్‌కి ఒక గీత ఉంది, ఇన్ని సెంటీమీటర్లు దాటితే చేస్తాం, ఈమెది ఇంకా దాటలేదు, బీపీ మాత్రలు వేసుకుంటూ ఏడాదికోసారి స్కానింగ్ చేయించుకుంటే చాలు. అది ఆమెకి చెప్పాను. ఆమె వెంటనే లేవలేదు. చూపుడువేలూ బొటనవేలూ ఎడంచేసి, గాలిలో ఆ వెడల్పు పట్టుకుని చూసుకుంది.

"ఆ గీత ఎవులి ఒంటికి గీసినారో అడగండి టీచరమ్మా. నానింతున్నాను, ఈ బాబు అంతున్నాడు. ఇద్దరికీ ఒకటే కొలతేటి? నా ఒంటికి అది పెద్దదే గావాల. అడగండి మరి."

నేను అడగలేదు.

ఎందుకు అడగలేదో ఈ నెల రోజులుగా రకరకాల కారణాలు చెప్పుకుని చూశాను. బయట జనం ఉన్నారు, డాక్టరు గడియారం చూశాడు. అవి సాకులు. అసలు కారణం ఇది: ఆయన దృష్టిలో నేను అప్పుడే తెలివైనదాన్ని అయ్యాను. గుండె జబ్బుని జాకెట్టుతో పోల్చే ప్రశ్న నా ఇంగ్లీషులోంచి బయటికి వస్తే నామోషీ అనిపించింది. పాలిస్టరు హాస్యం నాకు పేరు తెస్తుంది కనుక చెప్పాను. ఈ ప్రశ్న పరువు తీస్తుందనుకుని మింగాను. "థాంక్యూ డాక్టర్" అని లేచాను.

తిరుగు దారిలో హౌరా బ్రిడ్జి మీద టాక్సీ కదలకుండా నిలబడిపోయింది. ఆమె నా వైపు తిరిగింది.

"అడిగినారా, నాను సెప్పింది?"

"అడిగానే."

"ఏటన్నాడు?"

"అందరికీ అంతే అన్నాడు."

ఆమె మళ్ళీ కిటికీ వైపు తిరిగి, "పెద్ద సదువులోడు. ఆళ్ళకి తెలుస్తాది" అంది. నా మాట మీద తన చేతి లెక్కని పక్కన పెట్టేసింది. బరువులు మోయడం మానేసింది, ఉప్పు తగ్గించింది, మాత్రలు తప్పలేదు. మొదటి ఏడాది స్కానింగ్‌లో కూడా గీత దాటలేదు. ఇంకో ఆసుపత్రిలో చూపిద్దామని కూతురు రెండుసార్లు పోరిందట. "ఎందుకే? టీచరమ్మ అడిగింది కదా, అందరికీ అంతేనట" అని కొట్టిపారేసిందట. ఇది నాకు దినం నాడు కూతురే చెప్పింది, ఎంతో కృతజ్ఞతగా. "అమ్మకి మీరంటే అంత నమ్మకం పిన్నీ" అంది. ఆ రోజు నా విస్తట్లో ఏం వడ్డించారో నాకు తెలియదు.

ఈ జబ్బు రక్తసంబంధంలో నడుస్తుందట, పిల్లలకీ పరీక్ష చేయించాలి. కిందటి వారం కూతుర్ని వేరే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఆ పిల్ల ఆఫీసులో పనిచేస్తుంది, ఇంగ్లీషు నాకంటే వేగంగా మాట్లాడుతుంది, నా నోటితో పనిలేదు. అయినా రమ్మంది. అక్కడున్నది ఒక ఆడ డాక్టరు, నా మనవరాలి ఈడుది. స్కానింగ్ కాగితం తెరిచి, అంకె చూడకముందే నర్సుని అడిగింది.

"ఈమె ఎత్తు రాయలేదేం?"

"ఎత్తుతో పనేమిటమ్మా?" అన్నాను.

ఆ అమ్మాయి ఓపికగా చెప్పింది. చాలాకాలం అందరికీ ఒకటే గీత పెట్టుకుని చూశారట. ఆ గీత పెట్టిన రోజుల్లో లెక్కలోకి వచ్చినవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువట. పొట్టివాళ్ళకి, ముఖ్యంగా చిన్న ఒళ్ళున్న ఆడవాళ్ళకి, గీత దాటకుండానే నాళాలు చిరిగిపోతున్నాయని పరిశోధనల్లో తేలుతోందట. అందుకని ఇప్పుడు ఆ వెడల్పుని మనిషి ఎత్తుతో కలిపి చూస్తున్నారట. అందరూ చూడటం లేదు, ఎవరైనా అడిగితే మాత్రం తప్పక చూస్తారు అంది.

అడిగితే చూస్తారట. అలా చూసినా ఆమె బతికేదని నేను అనను, ఆ డాక్టరూ అనలేదు. ఆపరేషన్ కూడా చిన్నదేం కాదు. కానీ ఆమె చేతిలో పడాల్సిన ఒక అవకాశం నా పళ్ళ వెనక ఇరుక్కుని ఉండిపోయింది. లోకంలోని పెద్ద పెద్ద డాక్టర్లు ఇన్నేళ్ళు వెతికి పట్టుకున్నదాన్ని లిలువాలో ఒక టైలరమ్మ రెండు వేళ్ళు చాపి పట్టుకుంది. దాన్ని మోసుకెళ్ళమని ఆమె ఎవరికిచ్చిందో ఆ మనిషి బాగా చదువుకున్నది, అదే ఆమె దురదృష్టం.

కూతురు నా వైపు తిరిగింది.

"అమ్మ కూడా ఇదే అడిగింది కదా పిన్నీ. ఆ డాక్టరు అందరికీ అంతే అన్నాడని మీరే చెప్పారట కదా?"

డాక్టరమ్మ తలెత్తి చూసింది. ఆ గదిలో ఇంకో అబద్ధానికి చోటుంది. 'అవును' అంటే చాలు, నేరం ఎవరో మర్యాదస్తుడైన డాక్టరు నెత్తిన పడేది, ఆయన అక్కడ లేడు కూడా.

"ఆయన అనలేదు. నేను అడగనే లేదు. అడిగానని మీ అమ్మకి అబద్ధం చెప్పాను."

ఆ పిల్ల తిట్టి ఉంటే నాకు మేలయ్యేది. నర్సు ఎత్తు కొలిచే కమ్మీ చూపించి "దిదీ, ఎఖానే" అని, ఇక్కడికి రమ్మని పిలిచింది. పిల్ల లేచి, చెప్పులు విడిచి, గోడకి వీపు ఆనించి నిలబడింది. నన్ను చూడటం ఇష్టంలేక నా తలకి పైన గోడ మీద ఎక్కడో చూస్తూ, తెలియకుండానే మునివేళ్ళ మీద లేచింది, ఎత్తు తక్కువని చిన్నప్పుడు బడిలో అనిపించుకున్న పిల్లలు లేచినట్టు. నర్సు వంగి ఆమె కాలి మీద మెల్లగా తట్టింది. పిల్ల కళ్ళు మూసుకుని మడమలు రెండూ దించింది. పైనుంచి ఇనప పలక దిగి తల మీద ఆనింది. అచ్చం వాళ్ళమ్మంత ఎత్తు.