కొట్లో లేని స్తంభం

మొన్న రక్తపరీక్షకని సూది గుచ్చిన చోట, మర్నాటికల్లా మోచేతి మడతలో వంకాయరంగు మచ్చ ఒకటి తేలింది. రక్తం పలచబడే మాత్రలు మింగేవాళ్ళకి ఇది మామూలేనని, ఒక్కోసారి ఏది తగిలిందో కూడా తెలియకుండానే ఒళ్ళు కమిలిపోతుందని, రిపోర్టు కోసం వెళితే ల్యాబులో అమ్మాయి నవ్వుతూ చెప్పింది. మన ఈడువాళ్ళకి ఇదొక కొత్త అన్యాయం. మన రోజుల్లో ఏదో ఒక పని చెయ్యనిదే ఒళ్ళు కమిలేది కాదు గదా!

ఏడో తరగతిలో నాకూ బడికీ పడక, గొడవ పెంచుకోవడం ఎందుకని నేనే తప్పుకున్నాను కాబట్టి, మాటలకు అర్థాలు నాకు పుస్తకాల్లో దొరకలేదు. ఎండ దెబ్బకి వాడిన పత్తి మొలకని కమిలిందనేవాళ్ళం, బుట్ట అడుగున నలిగిన జామపండుని కమిలిందనేవాళ్ళం, నలుగురిలో మాట పడ్డవాడి మొహాన్నీ అలాగే అనేవాళ్ళం. నెత్తురు బయటికి రాకుండా లోపలే గడ్డకట్టి నల్లబడితే మాత్రం దాన్ని మూగదెబ్బ అనేవాళ్ళం. మూగది అన్నారే గానీ, జీవితంలో ఒక్కసారి నా గుట్టంతా బయటపెట్టింది ఆ మూగదే.

గుంటూరు మిర్చి యార్డులో నేను మూటలు మోసే ముఠాలో చేరిన ఏడాదే నాకు పెళ్ళి కుదిరింది. పిల్లది వేటపాలెం. వాళ్ళ నాన్న జీడిపప్పు గోదాములో బస్తాలు మోసి మోసి నడుం వంగిన మనిషి, మోతగాడికి మాత్రం తన కూతుర్ని ఇచ్చేది లేదని పంతం పట్టుకుని కూర్చున్నాడు. సంబంధం తెచ్చిన మా పెద్దమ్మ ఈ సంగతి తెలిసి కూడా తడుముకోకుండా, మావాడు మిర్చి కొట్లో గుమస్తా అని చెప్పి వచ్చేసింది. నేను నోరు తెరిచి కాదనలేదు. పిల్ల నాకు అంత నచ్చింది మరి.

పెళ్ళయ్యాక నా అసలు పని గుమస్తాలా కనపడటం అయింది. పొద్దున్నే తెల్ల చొక్కా తొడుక్కుని, జేబుకి పెన్ను తగిలించి, భుజాన తెల్ల తుండుగుడ్డ వేసుకుని బయల్దేరేవాణ్ణి. యార్డుకి చేరగానే అవన్నీ మేకుకి తగిలించి చిరుగుల బనియనుతో మూటల్లో దూరేవాణ్ణి, సాయంత్రం కొళాయి కింద ఒళ్ళంతా రుద్దుకుని మళ్ళీ గుమస్తానై ఇంటికి చేరేవాణ్ణి. మిరపకాయ ఘాటుతో బాధలేదు, గుమస్తా దగ్గర కూడా అదే వాసన వస్తుంది. ఎటొచ్చీ తుండుగుడ్డతోనే చిక్కు. మా ముఠాలో ప్రతివాడూ తుండుని నాలుగు మడతలు పెట్టి భుజానికీ మూటకీ మధ్య వేసుకునేవాడు. అలా వేసుకుంటే పూట తిరక్కుండానే అది కారం ధూళికి ఎర్రబడిపోయేది. ఎర్ర తుండుతో ఇంటికెళ్ళే గుమస్తా ఎక్కడుంటాడు? అందుకని నా తెలివితేటలన్నీ ఉపయోగించి, తుండు మేకుకే వదిలేసి వట్టి భుజం మీద మోసేవాణ్ణి. ముఠా పెద్ద చూసి, ఏరా కొత్త పెళ్ళికొడకా, నీ భుజం ఏమన్నా ఇనుముతో చేశారా అని వెక్కిరించేవాడు. ఇనుము కాదని వారం తిరిగేసరికి తెలిసింది. మెడ పక్కనుంచి భుజం చివరిదాకా నేరేడుపండు నలిపి పూసినట్టు కమిలిపోయింది.

మా ఆవిడ చూసి అడిగితే కొట్లో స్తంభం తగిలిందన్నాను. నిజానికి ఆ కొట్లో స్తంభమే లేదు, రేకుల షెడ్డు అది. ఆమె ఊఁ అని, కల్లుప్పు పెనం మీద వేయించి గుడ్డలో మూటగట్టి కాపడం పెట్టింది. రెండోరోజు మళ్ళీ స్తంభమే అన్నాను, మళ్ళీ ఊఁ అంది. ఎంత అమాయకురాలో అనుకుని నాలో నేను నవ్వుకున్నాను కూడా.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా మావగారు కూతుర్ని చూడటానికి జీడిపప్పు మూటతో రైలు దిగాడు. భోజనాలయ్యాక, ఏం అల్లుడూ అని ఆప్యాయంగా నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను ఎంత ఓర్చుకుందామన్నా పళ్ళ మధ్యనుంచి ఒక చప్పుడు వచ్చేసింది. ఆయన నా చొక్కా కాలరు పక్కకి జరిపి చూశాడు. నన్ను అడగలేదు, తలుపు దగ్గర నిలబడ్డ కూతుర్ని అడిగాడు.

"ఏంటమ్మా ఇది?"

ఆమె ఒక్కమాట అంటే సాయంత్రం రైలుకి ఇద్దరూ వెళ్ళిపోతారు, అంతే.

"కొట్లో స్తంభం తగిలింది నాన్నా. ఈయన ముందు చూసుకుని నడవడు" అంది మా ఆవిడ, రెప్పకూడా వెయ్యకుండా.

మావగారు బొటనవేలితో ఆ నల్లదనం చుట్టూ మెల్లగా నొక్కి చూశాడు. నలభై ఏళ్ళు బస్తాలెత్తిన వేలు అది. చొక్కా తిరిగి సర్ది, చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"స్తంభం బాగా బరువున్నట్టుంది. తుండు మడిచి పెట్టుకో అల్లుడూ."

మళ్ళీ ఎన్నిసార్లు వచ్చినా నా ఉద్యోగం ఊసెత్తలేదు. ఆయన్ని రైలెక్కించి వచ్చేసరికి మా ఆవిడ నా తెల్ల తుండుని నాలుగు మడతలు పెట్టి కూర్చుంది. దాన్ని నా భుజం మీద వేసి కొలత చూసి, ఎర్రబడితే నేను ఉతుకుతాలే అంది. వాళ్ళ నాన్నకి చిన్నప్పటినుంచీ కాపడం పెట్టిన చెయ్యట అది. మొదటిరోజే అది మోత దెబ్బని పోల్చుకుందట.

తర్వాత ఆమె కూడా మిరపకాయల తొడిమలు తీసే పనికి వచ్చింది. ఆ పని చేసిన వేళ్ళు ఎన్నిసార్లు కడిగినా మంట వదలదు, ఆ వేళ్ళతో ముట్టుకుంటే నా ప్రాణం పోయేది. అందుకని ఉప్పు మూటని నా భుజం మీద పెట్టి, వేళ్ళు దూరంగా చాచి, మోచేత్తో అదిమేది. ఆ కాపడాల కింద నా భుజం క్రమంగా కాయకట్టి గట్టిపడింది, ఇక కమలడం మానేసింది.

ఇప్పుడు ఆ కాయ కూడా కరిగిపోయి తోలు మిగిలింది. ఆమె మిరపకాయల పని మానేసి పదిహేనేళ్ళు దాటింది. అయినా నిన్న సాయంత్రం ఉప్పు మూట తెచ్చి, చాదస్తం వదలక మళ్ళీ మోచేత్తోనే అదిమింది. ల్యాబు అమ్మాయి చెప్పిన మాత్రల సంగతి చెబితే నమ్మలేదు.

"సూదిమొనకే ఇంత కమలడమేంటయ్యా? ఎక్కడ తగిలించుకున్నావో చెప్పు."

వయసులో ఉండగా అబద్ధం చెబితే ఊఁ కొట్టిన మనిషి, ఇప్పుడు నిజం చెబితే ఒప్పుకోదు. ఇక లాభం లేదని, కొట్లో స్తంభం తగిలిందే అన్నాను.

ఆమె మోచెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఇంకాస్త మెత్తగా అదుముతూ, ఊఁ అంది.