మగ్గం సైగల్లో నాటకం

మా అత్తకు, అంటే మా నాన్న అక్కకు, విషజ్వరం వచ్చి తగ్గేసరికి చెవులు పూర్తిగా పోయాయి. అన్నిటికీ సర్దుకుంది గానీ నాటకాల దగ్గర మాత్రం ఆమె వల్ల కాలేదు. ఒకసారి రాణి ఏడుస్తుంటే, వేషం చూసి హాస్యమనుకుని పకపకా నవ్వేసింది. చుట్టూ ఉన్నవాళ్ళు గుడ్లురిమారు. ఇక నాటకాల జోలికి పోనని ఒట్టు పెట్టుకుంది.

నలభైల నాటి సంగతి ఇది. బెంగుళూరు పేటలో మా ఇంటినిండా మగ్గాలే. ఆ చప్పుడులో నోటిమాట ఎవరికి వినపడుతుంది? అందుకని చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం. పోగు తెగింది, షావుకారు వస్తున్నాడు, అన్నానికి లేవండి, అన్నిటికీ సైగలున్నాయి. ఇన్ని సైగలు పెట్టుకుని అత్త ఇంట్లో దిగులుగా కూర్చుంటే నాకు ఒళ్ళు మండేది. తెలుగు కంపెనీ ఒకటి వచ్చి ఆదివారం పగటాట వేస్తుంటే, చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను. ఈసారి గానీ నవ్వులపాలైతే మళ్ళీ గడప దాటనని ముందే చెప్పింది.

ఆడవాళ్ళ వైపు, కాస్త వెలుతురున్న చోట కూర్చుని మొదలుపెట్టాను. మగ్గం సైగలతో రాజుల కథ చెప్పడమంటే మాటలా? రాజుకు కోపం వచ్చిందనడానికి షావుకారు సైగ. రాణిని అడవికి పంపేశాడనడానికి పోగు తెగిన సైగ. మరి ఎవరూ ముడి వెయ్యరా అని అత్త వేళ్ళతోనే అడిగింది. ఉండమన్నాను.

వెనకావిడ నా భుజం తట్టింది.

"ఏమమ్మా, మేము చూడల్లా వద్దా? సుమ్నే చేతులు దించుకుని ఊరికే కూర్చో."

"మా అత్తకు చెవులు లేవు. మీకుండాయి కదా, వినండి."

ఆమె గొణుక్కుంటూ పక్కకు జరిగింది. కాసేపటికి చూస్తే, ఆమె కళ్ళు కూడా నా చేతుల మీదే ఉన్నాయి.

చివర్లో రాజు పశ్చాత్తాపంతో పద్యం ఎత్తుకున్నాడు. అతను రాగం తీస్తూనే ఉన్నాడు, నేను నాలుగు సైగల్లో సంగతంతా చెప్పేశాను. అత్త కళ్ళ వెంట అప్పటికే నీళ్ళు కారిపోతున్నాయి. ఆ రాగానికి మాత్రం నా దగ్గర సైగ లేకపోయింది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

పద్యం అయిందో లేదో జనం "వన్స్ మోర్" అని అరిచారు. రాజు మళ్ళీ అందుకున్నాడు. అదేమిటని అత్త అడిగితే, బాగుందని మళ్ళీ పాడమన్నారని చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకుని, స్టేజీకి వీపు పెట్టి పూర్తిగా నావైపు తిరిగింది. తన గొంతు తనకు వినపడదు కదా, అందరికీ వినపడేట్టు అంది.

"నువ్వూ ఇంకోతూరి చెప్పు."