అక్క తాగిన కషాయం

పోయిన వారం బీపీ చూపించుకోవడానికి మా వీధి చివర కొత్తగా తెరిచిన ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు గదిలోకి పంపే ముందు ఒక నర్సమ్మ కూర్చోబెట్టి వరసగా ప్రశ్నలు వేసింది. షుగర్ ఉందా, ఆపరేషన్లు జరిగాయా, సిగరెట్ అలవాటుందా, మందు తాగుతారా. నా పక్కనున్న ముసలావిడనూ అదే గొంతుతో, అదే వరసలో అడిగింది. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. "లేదమ్మా" అని చెప్పి బీపీ పట్టీ కోసం చెయ్యి చాచింది. నన్ను లోపలికి పిలిచినా వెంటనే లేవలేకపోయాను. ఆ చివరి ప్రశ్న ఆడవాళ్ళను అడగడం మా కాడుగోడి పేటలో ఎప్పుడు మొదలైందో నాకు తెలుసు. అలా అడిగించుకున్నవాళ్ళలో మా అక్క ఒకతె. ఇప్పుడు అక్క లేదు.

అంతకుముందు మాకు ఒకే డాక్టరు ఉండేవాడు. స్టేషన్ దారిలో ఒక గది, దాని ముందు రేకుల వసారా, అదే క్లినిక్కు. మగవాళ్ళు వస్తే "ఏమప్పా, తాగుతావా?" అనీ, ఆడవాళ్ళు వస్తే "నిద్ర పడుతుందామ్మా?" అనీ అడిగేవాడు. మగవాళ్ళ జవాబులకు ఆయన దగ్గర వేరే అర్థాలుండేవి. "ఎప్పుడన్నా సార్" అంటే రోజూ అని. "మానేసినా సార్" అంటే ఈ పొద్దుటి నుంచి అని. ఆడవాళ్ళ జవాబులకు అర్థాలు వెతికే అవసరం ఆయనకు రాలేదు. నిద్ర మాత్ర రాసి పంపేవాడు.

కరోనా వచ్చి అంతా మూతపడినప్పుడు మందు షాపులు కూడా మూసేశారు. అనంతపురం, కర్నూలు వైపు నుంచి కట్టడం పనులకు వచ్చినవాళ్ళు చేతులు వణుకుతూ, చెమటలు కారుతూ క్లినిక్కుకు వచ్చేవాళ్ళు. జ్వరమేమోనని జనం దూరం జరిగేవారు. అది మందు దొరకని వణుకు. ఒకతనికి వసారాలోనే ఫిట్స్ వచ్చాయి. షాపులు మళ్ళీ తెరిచిన రోజు లైను మా వీధి మలుపు దాటింది. ముందు నిలబడినవాడు షాపు గడపకు కొబ్బరికాయ కొట్టి, కర్పూరం కూడా వెలిగించాడు. ఆ తర్వాత ఇంకో రకం మనుషులు రావడం మొదలుపెట్టారు. ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని ఉద్యోగం చేసేవాళ్ళు. ఆఫీసు నుంచి ఇంటికి రావడమనేది లేకపోయేసరికి, గ్లాసు పట్టుకోవడానికి ఒక వేళ అనేది కూడా వాళ్ళకు లేకుండా పోయింది. ఒకరోజు డాక్టరు నాతో అన్నాడు. "తాగేటోళ్ళు కొందరు మానినారు, తాగనోళ్ళు పట్టినారు. ఇన్నేళ్ళు నేను అడిగిన ప్రశ్నే తప్పేమో అనిపిస్తా ఉండాదప్పా." గాలి ఆడాలని ఆయన గది తలుపు తీసి ఉంచడం అప్పుడే మొదలైంది. కుర్చీలు ముంగిట్లోకి వచ్చాయి. లోపల రోగి చెప్పేది బయట అందరికీ వినబడేది. తర్వాత కూడా ఆయన ఆ తలుపు మూయలేదు.

అక్కా బావా కింద వాటాలో, నేను పై వాటాలో ఉండేవాళ్ళం. వాళ్ళకు పిల్లలు లేరు. నాకు పెళ్ళి కాలేదు. బావకు స్టేషన్ దగ్గర చిన్న ఎలక్ట్రిక్ సామాన్ల షాపు ఉండేది. ఆయన పాత స్కూటరు సైలెన్సరు ఎప్పుడూ సగం ఊడే ఉండేది. అది మలుపు తిరిగిందంటే మా అక్క పొయ్యి మీద గిన్నె పెట్టేది. ఆ రోజుల్లో అందరిళ్ళలోనూ ఉన్నట్టే మా ఇంట్లోనూ సాయంత్రం కషాయం ఉండేది. అల్లం, మిరియాలు, పసుపు, కాస్త బెల్లం. మిరియాల విషయంలో అక్కది పెద్ద చెయ్యి. తాగుతూ బావ కళ్ళు తుడుచుకునేవాడు. "కరోనా దీనికి భయపడాల్సిందే, నేనే భయపడతా ఉండా" అనేవాడు. బీరువాలో మందుల డబ్బా పక్కన ఆయనదొక చిన్న బ్రాందీ సీసా ఉండేది. జలుబు చేస్తే కషాయంలో ఒక చెంచా. అంతకు మించి ఆయన తాగడం నేను చూడలేదు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు బావ పోయాడు. ఆంబులెన్సులో వెళ్ళినవాడు ఫోనులో మాటగా తిరిగి వచ్చాడు. దూరం నుంచి ఒక తెల్లటి మూటను చూపించారు. అది ఆయనేనని మేం నమ్మవలసి వచ్చింది. షాపు ఖాళీ చేసేటప్పుడు స్కూటరును పాత ఇనుము వాడికి ఇచ్చేశాం. తాళంచెవి అక్కే తెచ్చి ఇచ్చింది.

సాంవత్సరికం నాటికి చుట్టాలంతా వచ్చారు. అక్క అందరికీ దగ్గరుండి వడ్డించింది. ఎవరి ముందూ కంటనీరు పెట్టలేదు. గట్టి మనిషని అందరూ మెచ్చుకుని వెళ్ళారు. నేనూ అలాగే అనుకున్నాను. వర్షాలు మొదలయ్యాక ఆమె కాళ్ళు వాచాయి. అన్నం సహించేది కాదు. వద్దంటున్నా వినకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆరోజు ముంగిట్లో నలుగురైదుగురు ఆడవాళ్ళున్నారు. అక్కను లోపల కూర్చోబెట్టి, నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. డాక్టరు కనురెప్పలు లాగి చూశాడు, పొట్ట నొక్కి చూశాడు. నిద్ర గురించి అడగలేదు.

"ఇంకా కషాయం తాగుతా ఉండావామ్మా?"

"తాగుతా ఉండా సార్."

"ఏమేం వేస్తావు?"

"అల్లం, మిరియాలు, పసుపు, బెల్లం..." అక్క ఆగింది.

"ఇంకా?"

"స్వల్ప బ్రాందీ."

"ఎంత?"

"మొదట్లో చెంచా."

"ఇప్పుడు?"

బయట ఆడవాళ్ళు తలుపు వైపు తిరిగారు. పూలమ్మే ఆవిడ ఉండబట్టలేక అంది. "ఏమప్పా డాక్టరూ, ఆడోళ్ళని గూడా అడిగేది మొదలుపెట్టినావే! మా ఇంటాయన్ని అడుగు, రెండు లోటాల కషాయం తాగుతాడు, అల్లమే ఉండదు!" అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వు విన్నాను. ఆ నవ్వులోనే చెప్పేసింది.

"ఇప్పుడు కషాయమే చెంచాడు సార్."

బయట ఈసారి ఎవరూ నవ్వలేదు. పూలమ్మే ఆవిడ తల వంచుకుని మూర మాలను మళ్ళీ కొలవడం మొదలుపెట్టింది. డాక్టరు గొంతు తగ్గించాడు. లివరు దెబ్బ తింటోందనీ, ఇంకా చేయిదాటలేదనీ, ఇలాగే సాగితే దాటుతుందనీ చెప్పాడు. "ఒక్కసారిగా మానొద్దమ్మా, అట్ల మానినోళ్ళు ఏమైనారో నేను చూసినా. నేను చెప్పినట్ల తగ్గించాల. రోజూ వచ్చి నాకు కనబడు" అన్నాడు.

ఇంటికొచ్చాక అడిగాను. "సీసాలు ఎవరు తెస్తా ఉండారక్కా?"

"నేనే పోయి తెచ్చుకుంటా. ముఖానికి మాస్కు ఉండాది గదరా, ఎవరికి తెలుస్తాది? లైన్లో ఒకాయన నన్ను అత్తా అని కూడా పిలిచినాడు, ఎవరనుకున్నాడో ఏమో." మళ్ళీ తనే అంది. "మానితే మీ బావ రాడురా."

నాకు అర్థం కాలేదు. ఆమె దాపరికం లేకుండా చెప్పింది. దీపం పెట్టే వేళకు తాగితే, కాసేపటికి మలుపులో స్కూటరు వినబడుతుంది. గేటు దగ్గర ఆగుతుంది. స్టాండు వేసిన చప్పుడవుతుంది. అంతే. లోపలికి రాడు.

"ఆ స్కూటరు మనం ఇనుముకు ఇచ్చేసినాం గదక్కా."

"తెలుసురా. తాళంచెవి నేనే గదా ఇచ్చింది."

"మరి?"

"ఇంకొంచెం తాగితే లోపలికి వస్తాడేమోనని."

చెంచా గ్లాసుగా ఎందుకు మారిందో అప్పుడు తెలిసింది. డాక్టరు చెప్పింది బతకడం గురించి. ఆమె అడిగేది వేరే. మానితే ఆమె బతుకుతుంది, కానీ ఆ గేటు చప్పుడును తన చేతులతో తానే ఆపేయాలి. మానక్కా అని నేను అనలేకపోయాను. రేపు క్లినిక్కుకు నేనూ వస్తానని మాత్రం అన్నాను. అక్క చాలాసేపు తన పాదాల వాపును వేలితో నొక్కుతూ కూర్చుంది. "సరే, ఎన్నింటికి పోదాం?" అంది.

ఆ రోజు నుంచి దీపం వేళకు నేను కింద వాటాలో కూర్చునేవాణ్ణి. డాక్టరు చెప్పినంతే నా ఎదుట కొలిచి పోసుకునేది. ఆయనిచ్చిన మాత్ర వేసుకునేది. చేతులు వణికితే గ్లాసును రెండు చేతులతో పట్టుకునేది. నేను పుస్తకం తెరిచి ఉంచుకునేవాణ్ణి, చదివేవాణ్ణి కాదు. ఆమె వింటూ ఉంటే నేనూ విన్నాను. నాకు రైళ్ళు తప్ప ఏమీ వినబడలేదు. ఒకరోజు అంది. "ఈపొద్దు గేటు దాకా రాలేదు. మలుపులోనే ఆపినాడు." ఇంకో రోజు, "స్టేషన్ కాడ ఎక్కడో ఉండాడు. దూరం." వానలో తడుస్తున్న మనిషి గురించి చెప్పినట్టు చెప్పేది. గ్లాసులో కొలత తగ్గే కొద్దీ ఆయన వెనక్కి వెళ్ళిపోయాడు. ఒక సాయంత్రం ఆమె ఏమీ చెప్పలేదు. నేను అడగలేదు. లేచి ఇద్దరికీ అన్నం పెట్టింది.

కాళ్ళ వాపు తగ్గింది. డాక్టరు సంతోషపడ్డాడు. అంతా అయిపోయిందనుకున్నాను. తర్వాత కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం కింద నుంచి తాళింపు వాసన వచ్చింది. మా ఇంట్లో ఎప్పుడూ లేని వాసన. దిగి చూస్తే అక్క నేల మీద కూర్చుని ఉంది. ముందు కంచంలో గుత్తి వంకాయ కూర. వంకాయ తగిలితే బావకు ఒళ్ళంతా దద్దుర్లు వచ్చేవి. పెళ్ళైనప్పటి నుంచీ ఆ కూరగాయ మా గడప లోపలికి రాలేదు. అక్కకు చిన్నప్పుడు అదంటే ప్రాణం.

"సంతలో లేతవి కనబడినాయి. ఇంక తినొచ్చు గదరా" అంది.

ఒక ముద్ద తింది. రెండో ముద్ద చేతిలో ఉండగానే ఏడ్చింది. పక్కింటివాళ్ళు గోడ మీద నుంచి తొంగి చూసేంత గట్టిగా ఏడ్చింది. బావ పోయిన రోజు వినవలసిన ఏడుపు అది. నేను కంచం పక్కకు జరపబోతే జరపనివ్వలేదు. ఏడుస్తూనే కూరంతా తిన్నది.

ఆ తర్వాత రెండేళ్ళు బతికింది అక్క. మళ్ళీ గ్లాసు ముట్టలేదు. చివరికి పోయింది గుండె వల్ల, నిద్రలో. ఆ రెండేళ్ళలో బావ గురించి తరచూ మాట్లాడేది, పోయినవాళ్ళ గురించి మాట్లాడినట్టే మాట్లాడేది. చుట్టాల లెక్కలో ఆమె దుఃఖం సాంవత్సరికంతో ముగిసింది. అది మొదలైంది మాత్రం ఆ మధ్యాహ్నం, కంచం ముందు. అక్క పోయి ఏడాది కావస్తోంది. చేయవలసినవన్నీ వేళకు చేశాను, అందరూ నన్ను కూడా గట్టివాడనే అన్నారు. పోయినవాళ్ళ తిథి క్యాలెండరులో ఉంటుంది. ఉన్నవాళ్ళకు దుఃఖం ఏ రోజున మొదలవుతుందో చెప్పేవాళ్ళు లేరు, నాకింకా మొదలు కాలేదు.