గట్టి చేసిన ట్రైలర్

మేం క్యాంపింగ్ ట్రైలర్ కొన్నది షికారుకు కాదు. పేగు ఆపరేషన్ అయ్యాక నా భార్య అరగంటకోసారి బాత్రూంకి వెళ్ళాల్సి వచ్చేది. రైలెక్కడం మానేసింది. ఎవరు పిలిచినా ఏదో వంక చెప్పేది. అసలు సంగతి సొంత అక్కకు కూడా చెప్పలేదు.

ఆ అక్క విజయనగరంలో ఉంటుంది. మతిమరుపు జబ్బు వచ్చి ఒక్కొక్కరినే మరిచిపోతోందని కబురొచ్చింది.

"నన్ను మర్చిపోకముందే ఓపాలి సూసొచ్చెద్దామండీ," అంది నా భార్య.

ట్రైలర్ అయితే కారు వెనక తగిలించుకోవచ్చు. లోపల పరుపు, కమోడ్ ఉంటాయి. దారిలో ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కొత్త బండిని భిలాయి వైశాలి నగర్‌లో మా ఇంటి ముందు పెట్టి, మొదటిసారి ఊరి చివర భిలాయి-3 పేట దాకా లాక్కెళ్ళి చూశాను. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా బాత్రూం తలుపు దానంతటదే తెరుచుకుంది. బండి ఆపాక మాత్రం ఎంత లాగినా రాలేదు. మర్నాడు వాన పడితే కప్పు సరిగ్గా తలగడ మీదే కారింది. కమోడ్ చుట్టూ ప్లైవుడ్ ఉబ్బిపోయింది. ఇంకా సీట్ల మీద కవర్లు కూడా తీయలేదు!

ముప్పై ఏళ్ళకు పైగా స్టీల్ ప్లాంటు మెయింటెనెన్స్‌లో చేసినవాణ్ణి. ఒకసారి బిగించింది మళ్ళీ విప్పే పని పడిందంటే మాకు నామోషీ. అందుకే కావలసినదానికంటే ఒక సైజు పెద్ద బోల్టే వేసేవాళ్ళం. నాతోపాటు రిటైరైనవాళ్ళు పొద్దున్నే టీకి వచ్చి, బండి చుట్టూ తిరిగి, తలా ఒకచోట తన్ని చూసి, తలా ఒక ఇనప యాంగిల్ బద్ద అదనంగా వేయమనేవారు. నాకు మళ్ళీ డ్యూటీ దొరికినట్టయింది. ఆ సంబరాన్ని ఇప్పుడు దాచుకోను.

దగ్గర్లోని కోహ్కాలో వెల్డింగ్ షాపు పెట్టుకున్నాయన చేత ప్లైవుడ్ పీకించి గళ్ళ ఇనప ప్లేటు వేయించాను. తలుపు కూడా ఇనుముదే పెట్టించాను. దాని బరువుకు గోడ ఊగింది. గోడకు ఫ్రేము కట్టించాను. కప్పు మార్పించాను. ఆఖరికి వెల్డర్ చెయ్యి తుడుచుకుంటూ, "అంకుల్, యే ట్రైలర్ హై యా వ్యాగన్?" అన్నాడు, ఇది ట్రైలరా, గూడ్సు రైలు పెట్టెా అని." పొగిడాడనుకున్నాను.

ఇంట్లో ఫోన్లు నడుస్తూనే ఉన్నాయి. మొదట్లో అక్క, చెల్లెలి గొంతు వినగానే పేరు పెట్టి పిలిచేది. తర్వాత తర్వాత, "ఎవులమ్మా నువ్వు?" అని అడగడం మొదలైంది. ఆ రోజు నా భార్య వచ్చి ట్రైలర్ తలుపు దగ్గర నిలబడింది.

"ఇంకెన్నాళ్ళండీ? కారితే కారనీండి. గొడుగేసుకుని కూకుంటాను."

"దారి మధ్యలో తలుపూడితే నీ పరువేం కాను?" అని కసిరాను.

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. నా నోరు పడిపోయినా బాగుండేది.

తీరా బయల్దేరిన రోజు ఊరు దాటకముందే, ఓవర్‌బ్రిడ్జి ఎక్కుతుండగా కారు ఆగిపోయింది. క్లచ్ మాడిన వాసన వచ్చింది. ట్రైలర్ మమ్మల్ని వెనక్కి లాగుతోంది. వెనక లారీలు ఒకటే హారన్. దిగి చక్రాల కింద రాళ్ళు పెట్టాను. ఇంకా ముందు ఘాట్ రోడ్లున్నాయి.

"మనం వెళ్ళలేమే," అన్నాను.

ఆవిడ కారు దిగింది. "దాన్నిప్పీండి. బకెట్టూ, ఓ పాత చీరా కార్లో ఎట్టండి."

ట్రైలర్‌ను ఇంటికి చేర్చమని ఒక ట్రాక్టరు వాడికి అప్పజెప్పాం. ఆ బరువు వదిలి, క్లచ్ చల్లారాక కారు కదిలింది. దారి పొడుగునా పొలాల పక్కన కారు ఆపి, నేను చీర అడ్డం పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ నన్ను తిట్టినా బాగుండేదనిపించింది.

మర్నాడు విజయనగరం చేరేసరికి ఇంటినిండా చుట్టాలున్నారు. అక్క మంచం మీద నుంచి చెల్లెల్ని ఎగాదిగా చూసి, "ఎవులమ్మా? ఏటి కావాలి?" అంది. నా భార్య ఆవిడ చెయ్యి పట్టుకుంటే లాగేసుకుంది.

"మొన్నటిదాకా నీ పేరే కలవరించీది పిన్నీ," అన్నాడు అక్క కొడుకు. "రెండ్నెల్ల ముందొస్తే గుర్తుపట్టీసీది. ఎందుకు రాలేదు?"

అందరూ నా వైపు చూశారు. నేను నోరు తెరిచేలోపే నా భార్య అందుకుంది.

"మీ బాబాయి తప్పేటీ లేదు నాయనా. నాకు పేగు ఆపరేషనయినాది. అరగంటకోపాలి బాత్రూంకెళ్ళాల. నానే రాలేకపోనాను."

అంతమందిలో, అందరికీ వినపడేలా చెప్పింది. కాదు, ఆలస్యం చేసింది నేనని నేను అనాలి. అనలేదు.