పాత కంప్యూటర్‌ని వెనక్కి తిప్పిన రోజు

జహీరాబాద్‌లో బస్టాండ్ నుంచి దవాఖానల వైపు పోయే రోడ్డు మీద ఒక చిన్న ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌ని. ముందు గదిలో బిల్లు కౌంటర్. వెనక గదిలో నేను, ఒక ఫ్రిజ్, మైక్రోస్కోపు, రక్తకణాలు లెక్కపెట్టే పాత మిషన్. ఎక్కడో మూతపడిన ల్యాబ్ నుంచి మా డాక్టర్ సార్ దాన్ని కొనుక్కొచ్చారు. మిషన్ మంచిదే. దానికి తగిలించిన కంప్యూటరే ముసలిది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక అది మళ్ళీ లేవలేదు.

కొత్త కంప్యూటర్ తెప్పించారు గానీ, మిషన్ సాఫ్ట్‌వేర్ దాంట్లో ఎక్కలేదు. అది పాత విండోస్‌లో తప్ప నడవదు. మిషన్ అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే, ఆ మోడల్‌ని మేమెప్పుడో వదిలేశాం అన్నారు. నాలుగు రోజులు శాంపిళ్ళు వేరే ల్యాబ్‌కి పంపాము. సార్ మొహం చూడలేకపోయాను.

అప్పుడే ఫోన్‌లో వీడియోలు చూసి ఒక సంగతి తెలుసుకున్నాను. కొత్త కంప్యూటర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ వేస్తే అది తన లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ని తయారు చేస్తుంది. దానికి కొంత మెమరీ, కొంత డిస్క్ పంచి ఇవ్వాలి. అందులో పాత విండోస్ ఎక్కిస్తే, నిజమైన కంప్యూటర్‌లోనే ఉన్నట్టు అది హాయిగా పనిచేసుకుంటుంది. బయట కొత్త విండోస్, లోపల ఒక కిటికీలో పాత విండోస్, రెండూ ఒకేసారి. నేను చదివింది ల్యాబ్ డిప్లొమా. కంప్యూటర్లు ఎవరూ నేర్పలేదు. మూడు రోజులు కుస్తీ పట్టాక, మిషన్ నుంచి వచ్చే వైరు ఆ లోపలి కంప్యూటర్‌కి కనిపించింది. మొదటి రిపోర్ట్ వచ్చినప్పుడు సార్ లేచి వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు. "గిదెట్ల చేసినవమ్మా?" అన్నారు. ఆ మాట నాకు చాలా రోజులు సరిపోయింది.

ఆ ఏర్పాటులో స్నాప్‌షాట్ అని ఒకటి ఉంది. లోపలి కంప్యూటర్ ఇప్పుడు ఎట్లా ఉందో అట్లాగే దాచిపెడుతుంది. రేపు ఏదైనా చెడిపోతే ఒక్క మీట నొక్కి ఈ రోజుకి తిరిగి రావచ్చు. అన్నీ సరిగా నడుస్తున్నాయని నమ్మకం కుదిరిన రోజు ఒక స్నాప్‌షాట్ తీసుకున్నాను.

పదకొండు రోజుల తర్వాత ఎవరి పెన్‌డ్రైవ్ నుంచో వైరస్ వచ్చింది. లోపలి కంప్యూటర్ తెరిస్తే చాలు, పిచ్చి పిచ్చి బొమ్మలు. బయట బెంచీ మీద పది మంది కూర్చుని ఉన్నారు. నేను స్నాప్‌షాట్‌కి వెనక్కి తిప్పాను. ఐదు నిమిషాల్లో మిషన్ మళ్ళీ నడిచింది. సార్ కౌంటర్ దగ్గర ఎవరితోనో, "మా పిల్ల ఉన్నంత సేపు నాకు ఫికరే లేదు" అనడం వెనక గదిలోకి వినిపించింది.

సాయంత్రానికి అర్థమైంది. వైరస్‌తో పాటు ఆ పదకొండు రోజుల లెక్కలు కూడా పోయాయి. మిషన్ ప్రతి శాంపిల్‌కి ఒక నంబర్ ఇస్తుంది. ఆ నంబర్లు కూడా వెనక్కి పోయి, అప్పటికే వాడేసినవే మళ్ళీ మొదలయ్యాయి. పేర్లు మిషన్‌లో ఉండవు. మేము చీటీ మీద నంబర్ రాసి ఇస్తాం. అంకెలు చూసి, ఒకే ఫైల్లో పేరు మార్చి మార్చి ప్రింట్ తీస్తాం. కాబట్టి ఇచ్చిన రిపోర్టులకి మా దగ్గర ఇంకో కాపీ ఉండదు.

సార్‌కి చెప్పాలి. చెప్పలేదు. రిపోర్టులు ఎవరివి వాళ్ళు తీసుకుపోయారు, మళ్ళీ ఎవరడుగుతారు అనుకున్నాను. పొద్దున అంత మెచ్చుకున్న మనిషికి సాయంత్రం ఈ మాట చెప్పడానికి నోరు రాలేదు. అసలు సంగతి అదే.

ఐదారు రోజులకి వానలో తడిసి ఒక అతను వచ్చాడు. మొగుడంపల్లి దగ్గరి ఊరు. అల్లం చేను కౌలుకు చేస్తాడు. భార్యకి నెలలు నిండాయి, మొదటి కాన్పు. నెల మొదట్లో ఇద్దరూ వచ్చి రక్తం ఇచ్చి వెళ్ళారు. రిపోర్టు, కాన్పుల డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం ఒకే సంచిలో పెడితే, వానకి ఇల్లు ఉరిసి రెండూ తడిసి ముద్దయిపోయాయట.

"ఇంకోటి తీసియ్యుండ్రి మేడం. ఆమెను తల్లిగారింట్ల దించిన. ఆడ దవాఖానల అడుగుతరు" అని చీటీ ఇచ్చాడు. పర్సులో పెట్టుకున్నందుకు చీటీ మాత్రం బాగుంది. దాని మీద నా చేతిరాతతో నంబర్.

వాళ్ళు వచ్చింది ఆ పోయిన పదకొండు రోజుల్లోనేనని నాకు తట్టలేదు. ఆ నంబర్ కొట్టాను. హిమోగ్లోబిన్ పదమూడు పైన ఉంది. పేరు మార్చి ప్రింట్ తీసి ఇచ్చాను. అతను కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "రక్తం ఎంతున్నది మేడం?" అన్నాడు.

"మంచిగనే ఉన్నది. పదమూడు."

"మొన్న డాక్టరమ్మ చాన తక్కువున్నదన్నది గద? రక్తం ఎక్కియ్యాలె, ముందే చూసి పెట్టుకోండ్రి అన్నది."

"కంప్యూటర్ల గిదే ఉన్నది తమ్మీ. నువ్వు సరిగ్గ ఇనలేదేమో."

అతను కాగితాన్ని కవర్లో చుట్టి చొక్కా లోపల పెట్టుకుని వెళ్ళిపోయాడు. బయటికి పోతూ అతను నవ్వాడు కూడా. మంచి మాట విన్న మనిషి నవ్వు.

రెండు రోజులకి ఒక కుర్రవాడు వచ్చాడు. ఫ్యాక్టరీలో ఉద్యోగానికి మెడికల్ కావాలట, రిపోర్టు ఇంకో కాపీ అడిగాడు. చీటీ చూసి నంబర్ కొట్టాను. పదమూడు చిల్లర. ఆ అంకె ఎక్కడో చూసినట్టు అనిపించింది. చీటీ మళ్ళీ చూశాను. మొన్న అల్లం చేను అతను తెచ్చిన నంబరే. తెర మూలలో తేదీ చూశాను. ఆ కుర్రవాడు రక్తమిచ్చిన తేదీ. అతని భార్య వచ్చిన తేదీ కాదు. మొన్న కూడా అక్కడ అదే తేదీ ఉండి ఉంటుంది. నేను చూడలేదు.

చీటీని తెర పక్కన పెట్టి మళ్ళీ మళ్ళీ చూశాను. కుర్రవాడు, "ఏమైంది మేడం, నాకేమన్న రోగమా?" అని భయపడ్డాడు. నీకేం లేదని చెప్పి పంపేశాను.

బిల్లు లెక్క బయటి కంప్యూటర్‌లో ఉంటుంది కాబట్టి అది పోలేదు. అందులో అతని ఫోన్ నంబర్ దొరికింది. స్విచాఫ్. మళ్ళీ చేశాను, మళ్ళీ స్విచాఫ్. కౌంటర్ తాళం పక్క మెడికల్ షాపులో ఇచ్చి స్కూటీ తీశాను. సార్ ఆ రోజు సంగారెడ్డిలో ఉన్నారు. ఆయనకి ఫోన్ చేయలేదు. ముందు ఆమె ఎట్లా ఉందో తెలియాలి అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, అప్పుడు కూడా నేను దాచే పనిలోనే ఉన్నానేమో.

వాళ్ళ ఊళ్ళో అతని తల్లి వాకిట్లో కందిపప్పు చెరుగుతోంది. కోడలి తల్లిగారిల్లు న్యాల్‌కల్ దాటినాక, కర్ణాటక వైపు అని చెప్పింది. "పొద్దుగాల్నే నొప్పులొచ్చినయంట బిడ్డా. బీదర్ తోల్కపోయిన్రు. మావోడు ఉరికిండు" అంది. తర్వాత నా మొహం చూసి చాట కింద పెట్టి లేచి నిలబడింది. "ఎందుకమ్మా? ఏమైంది?" అంది. "ఒక కాయితం ఇచ్చేదుండె" అన్నాను. ఆమె కళ్ళలోకి చూడలేకపోయాను.

బీదర్ దాకా ఎట్లా పోయానో నాకు సరిగా గుర్తులేదు. గుంతల్లో నీళ్ళు, లారీలు, హెల్మెట్ లోపల నా ఊపిరి చప్పుడు. రెండు దవాఖానల్లో అడిగాక మూడో దాంట్లో దొరికారు. అతను కాన్పుల గది బయట గోడకానుకుని ఉన్నాడు. పక్కన ఆమె తల్లి నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి అతను గుర్తుపట్టలేదు. ఆ ఊళ్ళో, ఆ వరండాలో నేను ఉంటానని ఎట్లా అనుకుంటాడు?

"నేను ఇచ్చిన రిపోర్టు తప్పు. ఆమె రక్తం తక్కువుంది. లోపల చెప్పాలె" అన్నాను.

అప్పుడు అతను నన్ను గుర్తుపట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నేను అడిగిన గద మేడం."



నర్సుని పట్టుకుని లోపలికి మాట పంపాను. డ్యూటీ డాక్టరమ్మ బయటికి వచ్చింది. చేతిలో నేను ఇచ్చిన కాగితమే ఉంది. ఆ అమ్మాయి కళ్ళు తెల్లగా పాలిపోయి ఉంటే అనుమానం వచ్చిందట, కానీ రిపోర్టు బాగుందని ఊరుకున్నారట. అప్పటికే బిడ్డ పుట్టాడు, తల్లికి రక్తం పోతోంది. వెంటనే పరీక్ష చేస్తే ఆరు కూడా లేదు. డాక్టరమ్మ నన్ను కన్నడంలో ఏదో గట్టిగా అంది. నాకు సగమే అర్థమైంది, సగం చాలు. వాళ్ళు రక్తం కోసం పరిగెత్తారు. రెండు సీసాలు దొరికేసరికి మధ్యాహ్నం అయిపోయింది. అంతసేపూ నేను ఆ వరండాలోనే ఉన్నాను. ఎవరూ నన్ను పొమ్మనలేదు, కూర్చోమనలేదు. ఒకసారి ఆమె తల్లి నా వైపు చూసి, "నువ్వెవరు బిడ్డా?" అని అడిగింది. అల్లుడు చెబుతాడేమో అని చూశాను. అతను చెప్పలేదు. నేనే చెప్పాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని తల అటు తిప్పుకుంది.

ఆమె బతికింది. రెండు రోజులు ఐసీయూలో ఉంచారు. బిడ్డ బాగానే ఉన్నాడు. ఈ మాట ఎవరికి చెప్పినా, "ఇంకేంది మరి, అంత మంచే అయ్యింది గద" అంటారు. ముందే తెలిసి ఉంటే రక్తం సిద్ధంగా ఉండేది. ఆ వరండాలో గడిచిన ఆ గంటలు అసలు ఉండేవే కావు.

మరునాడు సార్‌కి మొత్తం చెప్పాను, వైరస్ వచ్చిన రోజు నుంచి. ఆయన అరవలేదు. కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "అప్పుడే చెప్తే ఏమైతుండె?" అన్నారు. తర్వాత, "బతికింది గద. ఇంక బయట అనకు. ల్యాబ్ పేరు పోతది" అన్నారు.

నాకు ఊరుకోవాలనే ఉంది. నిజం చెప్పాలంటే ఆ మాటతో కొంచెం తేలికపడ్డాను కూడా. కానీ వెనక్కి తిప్పిన తర్వాత ఇంకా ఎవరికైనా కాపీలు ఇచ్చానా అని ఆలోచిస్తే ముగ్గురు గుర్తొచ్చారు. అందులో ఒకరు డయాలసిస్‌కి పోయే పెద్దాయన. "సార్, ఆ పదకొండు రోజులల్ల వచ్చినోళ్ళందరికీ ఫోన్ చేస్త. మీరు వద్దన్నా చేస్త" అన్నాను. ఆయనతో నేను అట్లా మాట్లాడటం అదే మొదటిసారి. సార్ లేచి బయటికి పోయారు. సాయంత్రం తిరిగొచ్చి, "మళ్ళ పరీక్షలు చేసిద్దాం అని చెప్పు. ఊరికెనే చేస్తమని చెప్పు" అన్నారు.

వారం రోజులు ఫోన్లు చేశాను. కొందరికి అసలు అర్థం కాలేదు. ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ అంటే ఏం చెప్పను? "మా దగ్గర లెక్కలు తారుమారైనయి, మీ కాగితం పట్టుకుని రండి" అన్నాను. ఒకామె తిట్టింది. ఒకాయన నవ్వి, "నేను మీ రిపోర్టు చూడనే లేదమ్మా" అన్నాడు. డయాలసిస్ పెద్దాయన కొడుకు వచ్చి, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి, చూసుకుని పోయాడు. పెద్దాయనకి ప్రమాదమేమీ జరగలేదు. ఇంకో ముగ్గురికి ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలవలేదు. వాళ్ళలో ఒకరి ఊరు చిరాగ్‌పల్లి అని ఉంటే పోయి అడిగాను. ఆ పేరు గలవాళ్ళు తెలియదన్నారు. మిగతా ఇద్దరి ఊరే రాసుకోలేదు.

లోపలి పాత కంప్యూటర్ ఇంకా నడుస్తోంది. వేరే దారి లేదు. ఇప్పుడు ప్రతి శాంపిల్‌ని పుస్తకంలో పేరు, ఊరు, తేదీతో నేనే చేత్తో రాస్తాను. పని ఆలస్యమవుతుంది, బెంచీ మీద జనం విసుక్కుంటారు.

మొన్న చలికాలంలో ఆ అల్లం చేను అతను కనిపించాడు. భుజం మీద పిల్లవాడు, ఉన్ని టోపీ. వెనక ఆమె, చేతిలో దవాఖాన చీటీ. మనిషి కొంచెం ఒళ్ళు చేసింది. నేను మా ల్యాబ్ గుమ్మంలోనే ఉన్నాను. అతను నన్ను చూశాడు. తల ఊపలేదు, మొహం తిప్పుకోనూ లేదు. ఆమెతో ఏదో అని, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న వేరే ల్యాబ్ మెట్లెక్కాడు.