బుగ్గ కింద మల్లెచెట్టు

శ్రీరాంపూర్‌ల మా క్వార్టర్‌కు ఒక్కటే కిటికీ. బొగ్గుబాయిల రాత్రి షిఫ్టు చేసొచ్చి పగలు పండుకుంటనని దానికి గోనెసంచి కొట్టిన. పెండ్లయి వచ్చిన నా భార్య ఆ చీకట్ల సప్పుడు చెయ్యకుంట, గిన్నె కూడ కదపకుంట పొద్దుమీకేదాక కూసునేది. ఏడాది ఓర్సుకున్నది. ఓనాడు మెట్‌పల్లికి, వాళ్ల తల్లిగారింటికి పోయి మళ్ల రాలే.

ఆమె నాటిన మల్లెచెట్టొక్కటి నూనెడబ్బల మిగిలింది. బయటుంటే మేకలు ఆకు మిగలనియ్యయి, బొగ్గుపొడి సంగతి చెప్పనే అక్కర్లే. లోపలికి తెచ్చుకున్న. దీన్ని పూయించి తీస్కపోతే ఆమె మనసు మారుతదని నా ఆశ. నాకింకో తొవ్వ కనబడలే.

కిటికీకున్న సంచి పీకితే సరిపోయేది. నా మట్టిబుర్రకు తోచలే. బాయిల దిగేటోనికి వెలుతురంటే కరెంటు బుగ్గే. రెండొందల వాట్ల బుగ్గ తెచ్చి చెట్టు నెత్తిమీద జానెడెత్తుల వేలాడదీసిన. నాలుగో దినానికి కొసలాకులు మాడి అప్పడాలైనయి. ఎవరికి చెప్పుకోను? ఆ మాడిన ఆకులు ఏరుకుంట ఒక్కన్నే ఏడ్చిన.

పక్క క్వార్టర్ల కాక ఒకాయన ఉండె. బాయిల గాలి మళ్లేటట్టు పరదాలు కట్టుడు ఆయన పని. వచ్చి చూసి, "బుగ్గ కింద నీ చెయ్యి పెట్టు బిడ్డా. నువ్వు ఓర్వలేని ఉడుకు అదెట్ల ఓరుస్తది?" అన్నడు. బుగ్గను మూరెడు పైకి గుంజినం. ఉడుకు పోవాలని టేబులు ఫ్యాను పెట్టినం. అది నేరుగ కొడితే మన్ను ఎండుతున్నదని, నడుమ పాత దుప్పటి కట్టిండు. గాలి చెట్టు మీదికెల్లి మళ్లి వేడిని తలుపు దిక్కు తీస్కపోయేది. అప్పటిసంది డ్యూటీ దిగి ఇంటికి రాంగనే బుగ్గ కింద చెయ్యి పెట్టి చూసుడే నా పని. కండ్లు మూతలు పడుతున్నా చెట్టుతోని ముచ్చట పెట్టేటోన్ని. ఇంట్ల ఇంకెవరున్నరు?

ఎండకాలం నాలుగు మొగ్గలు తొడిగింది. డబ్బ ఒళ్లె పెట్టుకొని మెట్‌పల్లి బస్సెక్కిన.

వాళ్ల వాకిట్ల నిలబడి బుగ్గ, దుప్పటి, గాలి ముచ్చటంత గొప్పగ చెప్పిన. ఆమె అంత విన్నది.

"చెట్టుకు ఉడుకపోస్తున్నదేమోనని పూటపూటకు చెయ్యి పెట్టి చూసినవ్. ఏడాది నీ ఇంట్లున్న. ఎట్లున్నవని నన్ను ఒక్కపూటన్న అడిగినవా?"

అడగలే. డబ్బ ఆమె దిక్కు చాపిన.

డబ్బ అందుకొని ఎండ తగిలేకాడ పెట్టుకున్నది. నన్ను కూసోమనలే.